దర్గాలో ఓబన్న బూట్లు

ఎవరైనా చెప్పులతో దర్గా గడప దాటితే మౌలాలికి కోపంతో కళ్ళు కనబడేవి కావు.

పన్నెండేళ్ళుగా అతను దర్గాను చూసుకునే ఫకీరప్ప తాతకు శిష్యుడు. దర్గాలో సమాధి అయిన మహానుభావుణ్ణి అందరూ వలీ అంటారు; ఆ సమాధిని రోజూ కడిగేది అతనే, ఆవరణంతా ఊడ్చేదీ అతనే. ఆ పన్నెండేళ్ళలో దర్గా గోడ లోపల ఒక్కరోజు కూడా కాలికి చెప్పు తొడగలేదు, ఎండాకాలంలో బండలు పెనంలా కాలుతున్నా సరే. ఆ సంగతి తను మరిచిపోడు, ఇంకెవర్నీ మరిచిపోనివ్వడు.

ఒకసారి ఒక తల్లి చంటిబిడ్డ కాళ్ళకు ఊలు మేజోళ్ళు తొడిగి తెచ్చింది. ఆమెను గుమ్మంలోనే నిలబెట్టి చెడామడా తిట్టాడు. ఇలాంటివి తాత చెవిన పడుతూనే ఉండేవి. తాత వినేవాడు, ఊరుకునేవాడు. ఊరుకున్నాడు గనక తాత తన పక్షమేనని మౌలాలి అనుకునేవాడు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. వలీ పేరిట ఏటా జరిగే గంధం పండగ నాలుగు రోజులుందనగా చూస్తే సమాధి చుట్టూ గడ్డి మోకాటెత్తు పెరిగి ఉంది. కొడవలి పట్టేవాళ్ళంతా వేరుశనగ చేలల్లో కలుపు తీస్తున్నారు. ఇక లాభం లేదని తాత పక్క ఊరి ఓబన్నకు కబురు పెట్టాడు. ఓబన్న దగ్గర గడ్డి కోసే కరెంటు మిషన్ ఉంది. పొడుగాటి గొట్టం, దాని చివర గిర్రున తిరిగే నైలాన్ తీగ, ఎగిరే రాళ్ళు మనిషికి తగలకుండా ఆ తీగ వెనక ఒక ప్లాస్టిక్ రేకు. దాన్ని భుజాన వేసుకుని ఓబన్న ఊరూరా నడుస్తాడు. ఆ కాళ్ళు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

పొద్దున్నే వచ్చాడు. కళ్ళకు అద్దాలు, మందపాటి ప్యాంటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. గడప దాటి ఒక్క అడుగు వేశాడో లేదో, మౌలాలి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఏయ్! బూట్లతో లోపలికి వస్తాండావే, కండ్లు నెత్తికెక్కినాయా?"

ఓబన్న ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. "మిషన్ పని కదా సామీ. బూట్లు లేకుంటే రాళ్ళు ఎగిరి కాళ్ళకు కొడతాయి. శుభ్రంగా కడిగే తెచ్చినాను, చూడు."

"కడిగినా బూటు బూటే. ఇప్పు."

"మా చిన్నాయన కొడుకు ఇట్లే వట్టి కాళ్ళతో మిషన్ పట్టి, ఎముక కనబడేదాకా కోసుకున్నాడు సామీ."

"వాడు కోసుకున్నది యాడనో చేన్లో! వలీ సన్నిధిలో ఎవరికీ ఏమీ కాదు. పన్నెండేండ్ల నుంచి నేను తిరుగుతాండా, నాకేమైంది? నమ్మకం లేకపోతే లేదని చెప్పు."

ఓబన్నకు నమ్మకం లేకపోవడమేమిటి? అతను పుట్టకముందు వాళ్ళమ్మ మొక్కుకున్నది ఈ గడప దగ్గరే. ఎదురు చెబితే వలీకి ఎక్కడ కోపం వస్తుందోనని అతని భయం. భయపడే మనిషి మీద అరవడం ఎంత సులువు! ఓబన్న బూట్లు విప్పి గడప బయట పెట్టాడు.

పని మొదలైంది. మౌలాలి వెనకే తిరుగుతూ ఇక్కడ మిగిలింది, అక్కడ మిగిలింది అంటూ గొణుగుతూనే ఉన్నాడు. సమాధి అరుగు అంచున గడ్డి సరిగ్గా తెగడం లేదు. ప్లాస్టిక్ రేకు రాతికి తగులుకుంటోంది.

"ఆ రేకు తీసెయ్," అన్నాడు మౌలాలి.

"అది తీయకూడదు సామీ. రాళ్ళు..."

"నోరు తెరిస్తే రాళ్ళు, రాళ్ళు! ఆ ప్లాస్టిక్కు అరుగుకు గీరుకుంటాంటే చూస్తా నిలబడమంటావా? తీయ్!"

ఓబన్న ప్లగ్గు పీకి, రేకు విప్పి పక్కన పెట్టి, మళ్ళీ ప్లగ్గు పెట్టి వచ్చాడు.

పట్టుమని పది నిమిషాలు కాలేదు. గడ్డిలో ఉన్న గులకరాయి ఒకటి తీగకు తగిలి రివ్వున లేచింది. సమాధి తలాపున వేలాడే పెద్ద గాజు దీపం భళ్ళున పగిలింది. పెంకులన్నీ ఓబన్న చుట్టూ గడ్డిలో పడ్డాయి. అతను బెదిరి ఒక అడుగు వెనక్కి వేశాడు. మడమలో పెంకు దిగింది.

మీట వదిలేశాడు గనక మిషన్ ఆగింది. అంతే, ఇక అడుగు తీసి అడుగు వేయలేకపోయాడు. ఏ గడ్డిపోచ కింద ఏ పెంకు ఉందో ఎలా తెలుస్తుంది? మిషన్ను చేతికర్రలా ఆనుకుని, ఒక కాలు ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మడమ నుంచి రక్తం బొట్లు బొట్లుగా గడ్డి మీద పడుతోంది.

మౌలాలి ఏం చేశాడనుకున్నారు? తిట్టాడు. దీపం పగలగొట్టినందుకు తిట్టాడు. పండగ ముందు అపశకునం తెచ్చావని తిట్టాడు. తిట్టీ తిట్టీ చివరికి ఆ రక్తం చూసి, "సమాధి కాడ రక్తం పడతాంది, బయటికి పోయి కార్చుకో!" అన్నాడు.

ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండిపోతోంది.

అరుపులకు తాత తన గదిలోంచి బయటికి వచ్చాడు. ముందు గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకాడు. తర్వాత ఓబన్న కాలు చూశాడు. చూస్తుండగానే ముఖం జేవురించింది, మెడ నరాలు ఉబ్బాయి. ఆయన కోపం ఎలా ఉంటుందో ఆ రోజు దాకా ఎవరికీ తెలీదు.

"మౌలాలీ, పోయి వాన్ని ఎత్తుకోనిరా."

మౌలాలి రెండడుగులు వేసి ఆగాడు. తన వట్టి కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"గాజు పెంకులుండాయి తాతా."

"ఉంటే ఏమప్పా? నువ్వు వలీ సన్నిధిలో ఉండావు కదా!"

తాత గొంతు పెంచలేదు. అయినా ఆ మాటకు మౌలాలి చెంపదెబ్బ తిన్నట్టు తల దించుకున్నాడు. ముందుకు మాత్రం కదల్లేదు.

తాత గడప బయటికి నడిచాడు. అక్కడున్న తన తోలు చెప్పులు వేసుకున్నాడు. ఓబన్న బూట్లు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చెప్పులతోనే గడప దాటి, కాళ్ళ కింద పెంకులు పటపట నలుగుతుంటే సమాధి దాకా వచ్చాడు.

తాత అరుగు మీది పెంకులు తుడిచి, "కూర్చో నాయనా," అన్నాడు.

"వద్దు తాతా, వలీ పండుకున్న చోటు."

"కూర్చో. ఆయన జరుగుతాడులే."

ఓబన్న బిక్కుబిక్కుమంటూ అంచున కూర్చున్నాడు. తాత గొంతుక్కూర్చుని మడమలోని పెంకు పీకాడు. భుజం మీది తువ్వాలు చించి గట్టిగా కట్టు కట్టాడు. తర్వాత మంచి కాలికి బూటు తొడిగాడు. ఓబన్న రెండో కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు నా కాళ్ళు పట్టుకునేదేంది తాతా! నాకు పాపం."

తాత ఆ కాలు కూడా లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మౌలాలి ఇక ఆగలేకపోయాడు. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"పన్నెండేండ్లు కాపాడినాను తాతా! ఒక్క చెప్పును లోపలికి రానీలేదు. కాళ్ళు బొబ్బలెక్కినా నడిచినాను. ఈ పొద్దు నువ్వే చెప్పులేసుకోనొచ్చి, వలీ తలాపున కూర్చోని, వానికి బూట్లు తొడుగుతాండావు. దర్గా మర్యాద ఏం గావాల?"

తాత తలెత్తి చూడలేదు. కట్టు కదలకుండా బూటును మెల్లగా మడమ మీదుగా పైకి లాగుతున్నాడు.

"అదేరా, నేను తొడుగుతాండేది," అన్నాడు.