నెగడు దగ్గర ఖాళీ చేతులు

సన్యాసయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర చదువుకోవడానికి లంబసింగి కొండల్లోకి వచ్చిన కిరీటికి ఈ సంగతి మొదట్లోనే తెలిసింది. అయినా అడగడం మానలేదు. అడగడం మానేసినవాడు బానిసతో సమానమని అతని నమ్మకం.

ఆ చలికాలం అతను అడిగింది పొయ్యి గురించి. మాస్టారి చావడి మధ్యలో తెల్లవారేసరికి నెగడు మండేది. ఊళ్లో పెద్దవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చునేవారు. వచ్చే ప్రతి మనిషీ చంకలో ఒక కట్టె పెట్టుకుని రావడం అక్కడి ఆచారం. ఆ పొగ మాస్టారి ఛాతీని పట్టేసింది. కొర్రా దొంబె అనే ముసలమ్మకైతే దగ్గు మొదలైతే ఆగేది కాదు. ఇంకో చలికాలం ఈ పొగలో కూర్చుంటే ఇద్దరూ దక్కరని డాక్టరు తేల్చి చెప్పాడు.

నర్సీపట్నం దుకాణంలో పొగ రాని పెల్లెట్ పొయ్యిలు రెండు రకాలున్నాయి. కాఫీ పొట్టును అదిమి చేసిన గుళికలే రెండింటికీ మేత. చిన్నదానికి మూత తీసి పిడికెడు పిడికెడుగా వేస్తూ ఉండాలి. పెద్దదానికి తొట్టి ఉంది, కరెంటు మర ఉంది. ఒకసారి నింపితే చాలు, దానంతటదే మేస్తూ మండుతుంది.

"ఏది తీసుకోమంటారు మాస్టారూ?"

"మన తాహతుకు తగ్గది. వాడి చూసి తీసుకో."

కిరీటికి ఒళ్లు మండింది. పేదవాడికి చిన్నది చాలు అనడాన్ని మించిన అవమానం ఇంకేముంటుంది? కొన్నాళ్లు వాడి చూసి చెబుతానని దుకాణంవాణ్ణి ఒప్పించి, పెద్దదాన్నే జీపెక్కించాడు.

మర్నాడు చావడి వెచ్చగా, శుభ్రంగా ఉంది. పొగ లేదు. గుమ్మంలో కిరీటి కోట గెలిచినవాడిలా నిలబడ్డాడు. దొంబె ఎప్పట్లాగే కట్టెతో వచ్చింది.

"కట్టె అక్కర్లేదు అమ్మమ్మా! ఇది కట్టెలు తినదు. వెచ్చదనం నీ హక్కు. దర్జాగా కూర్చో."

ఆమె పొయ్యిని చూసింది, చంకలో కట్టెను చూసుకుంది.

"ఊరికే కూకోడానికి నానేటి, సుట్టపుసూపుకొచ్చినానా?" అని వెనక్కి తిరిగింది.

ఆ మర్నాడు ఒక్కరూ రాలేదు. చావడికి ఎదురుగా, పొగమంచులో, తడి కట్టెలతో వేరే నెగడు వేసుకున్నారు. దొంబె దగ్గు చావడిలోకి వినిపిస్తూనే ఉంది. కిరీటి మాస్టారి ముందు విరుచుకుపడ్డాడు.

"పొగ పీల్చి చస్తారు గానీ హక్కుగా వచ్చిన సుఖాన్ని ముట్టుకోరు! దీన్ని పొగరనక ఏమనాలి?"

మాస్టారు పుస్తకంలోంచి తలెత్తలేదు. "వెళ్లి వాళ్లతో కాసేపు చలి కాచుకుని రా," అన్నారు.

అతను వెళ్లాడు. అందరూ జరిగి చోటిచ్చారు. గొంతుక్కూర్చుని చేతులు చాచాడో లేదో, పాంగి లచ్చన్న అనే పెద్దాయన ఆ చేతులకేసి చూశాడు.

"కట్టె ఏదీ, బాబూ?"

దొంబె దగ్గు మధ్యలోనే నవ్వింది. "కట్టెందుకురా లచ్చా? బాబు హక్కు తెచ్చినాడు. అది రాజెయ్యి, మంటొస్తాదేమో సూద్దాం!"

అంతా గొల్లుమన్నారు. ఎవరూ అతన్ని లేవమనలేదు. లచ్చన్న తన కట్టెల్లోంచి ఒకటి తీసి, "ఇది నీదనుకో," అని అతని చేతిలో పెట్టబోయాడు కూడా. కిరీటి దాన్ని అందుకోలేకపోయాడు. మంట ముఖానికి తగులుతున్నా అతనికి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. తన ఊళ్లో ఎన్ని హక్కుల సభల్లో ఎంతమంది ముందు కూర్చున్నాడో గానీ, ఇంత ఖాళీగా ఎప్పుడూ కూర్చోలేదు. లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజే పెద్ద పొయ్యిని దుకాణంలో తిరిగిచ్చేసి చిన్నదాన్ని తెచ్చాడు. నెగడు దగ్గరికి వెళ్లి ఈసారి ఉపన్యాసమివ్వలేదు.

"అమ్మమ్మా, ఇది పిడికెడు పిడికెడుగా మేసే రకం. దీన్ని మేపడం నా ఒక్కడి వల్ల కాదు."

"మరి ముందే సెప్పవేటి!" అని దొంబె కసిరింది.

వాళ్లు తమ తోటల కాఫీ పొట్టు మూటలు కట్టి చింతపల్లి మిల్లుకు తీసుకెళ్లి గుళికలు పట్టించుకొచ్చారు. ఇప్పుడు దొంబె చావడిలోకి వచ్చే తీరే వేరు. కొంగుముడి విప్పుతుంది, పొయ్యి మూత తీస్తుంది, గుళికలు పోసి, ఊరంతా వినేలా మూత ఠంగుమని వేస్తుంది. ఆ తర్వాత అందరికన్నా ముందు చోటు తీసుకుంటుంది. దగ్గు తగ్గింది, గొంతు పెరిగింది. నిన్న ఆలస్యంగా వచ్చిన లచ్చన్నను "నీ పిడికెడు పడితేనే మంట లేస్తాది, ఇంతసేపేటి?" అని దబాయించింది కూడా. కిరీటి తన వంతు గుళికలు వేసి ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. అంత గర్వంగా ఏ సభలోనూ కూర్చోలేదనిపించింది.

అయినా అడగకుండా ఉండలేకపోయాడు.

"మాస్టారూ, ఆ పెద్ద పొయ్యిలో లోపమేమిటో మీరు చెప్పనేలేదు."

మాస్టారు మూత తీసి తన పిడికెడు గుళికలు వేశారు.

"లోపమేముంది నాయనా, చాలా మంచి పొయ్యి. దానికి ఎవరితోనూ పని లేదు."