చిట్టి కారుకు పెద్ద ఇంజను

అనగనగా కొండలకూ మబ్బులకూ మధ్యన మేఘగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఏనుగులు ఉండేవి, గుర్రాలు ఉండేవి, కార్లు కూడా ఉండేవి. రాజుల కాలంలో కార్లేమిటని అడగకండర్రా. ఈ కథలో ఉన్నాయి, అంతే.

ఉన్నాయి గానీ, అన్నీ చిట్టి కార్లే. ఎందుకంటే కొండమీది ఊరికి వెళ్ళే దారి బహు సన్నం. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. లారీ పట్టదు, జీపు తిరగదు. చిట్టి కారు ఒక్కటే ఆ మలుపుల్లో దూరగలదు. అయితే దాని ఇంజను కూడా చిట్టిదే కదా. ఇద్దరు ఎక్కితే రొప్పేది. ముగ్గురు ఎక్కితే సగం కొండలో ఆగి ఆవిరి వదిలేది. నలుగురు ఎక్కితే ముగ్గురు దిగి తొయ్యాల్సిందే.

అందుకని కొండమీద ఎవరికి జబ్బు చేసినా డోలీ కట్టి, భుజాల మీద మోసుకుని, జారుతూ లేస్తూ కిందికి తెచ్చేవారు.

కొండ కింది వీధిలో పైడమ్మ అని ఒక మెకానిక్కు ఉండేది. ఆమెకు చెయ్యి ఎంత చురుకో నోరూ అంత చురుకు. ఆమె చెల్లెలు గౌరి కొండమీది ఊరికి కోడలు. గౌరికి నెలలు నిండుతున్నాయి. ముసలి రాజవైద్యుడు ఆయాసపడుతూ కొండెక్కి, నాడి పట్టి చూశాడు.

"కడుపులో కవలలమ్మా. కాన్పు ఇక్కడ వద్దు, కింద నా ఇంట్లో జరగాలి. డోలీలో మాత్రం తేవద్దు, ఆ కుదుపులకు తట్టుకోలేవు," అన్నాడు.

ఇక్కడ వద్దు, అలా వద్దు అంటే మరెలా? ఆ కబురు విన్నప్పటినుంచి పైడమ్మకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే మహీధర మహారాజు చాటింపు వేయించాడు. "చిట్టి కారుకు పెద్ద ఇంజను బిగించి, కొండమీదికి వెళ్ళి, అక్కడి మనుషులను ఎక్కించుకుని క్షేమంగా తిరిగి వచ్చినవారికి మా రథశాల పెద్దరికం ఇస్తాము. ఇంజను బిగించినవారే కారు నడపాలి. పక్కన వారి ఇంటి మనిషి కూర్చోవాలి."

పరాయివాళ్ళ ప్రాణాలతో పరీక్షలు చెయ్యకూడదని ఆ రాజ్యంలో ఆచారం. మంచి ఆచారమే, ఏమంటారు?

ముగ్గురు ముందుకు వచ్చారు. బంగారయ్య, సింహాద్రి, మన పైడమ్మ.

బంగారయ్య లారీ ఇంజను తెచ్చాడు. "పెద్దదంటే పెద్దదే ఉండాలి, మొహమాటమెందుకు?" అన్నాడు. బానెట్టు మూతపడకపోతే మోకుతాడుతో కట్టాడు. ఆ బరువుకి కారు ముక్కు వంగిపోయి నేలను వాసన చూస్తున్నట్టుంది.

సింహాద్రి తెలివైనవాడు. జీపు ఇంజను తెచ్చి, చక్కగా కోసి, అతికి, కొలిచినట్టు కూర్చోబెట్టాడు. కారుకి ఎర్ర రంగు కూడా వేశాడు. అది మోగితే వీధిలో కిటికీలు గడగడలాడేవి. జనం పని మానుకుని వచ్చి ఆ చప్పుడు విని, ఆనందపడి పోయేవారు.

ఇక పైడమ్మ సంగతి. ఆమె తెచ్చింది ఒక పాత వ్యాను ఇంజను. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. తెచ్చి, గోనెపట్టా కప్పి, మూలన పెట్టేసింది. పెట్టేసి చక్రాలు ఊడదీసుకుని కూర్చుంది. పాత బ్రేకులు ఒక్కొక్కటిగా తీసి వ్యాను బ్రేకులు వేయసాగింది. స్ప్రింగులు మార్చింది. చట్రానికి ఇనుప పలకలు అతికింది. నీళ్ళు పట్టే రేడియేటరు పెద్దది చేయించింది. గేరుపెట్టె విప్పి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించింది. ఇంజను మాత్రం గోనెపట్టా కిందే ఉంది.

బంగారయ్య అటుగా పోతూ ఆగాడు. "ఏమ్మా పైడమ్మా, పెళ్ళికొడుకుని మూలన కూర్చోబెట్టి పందిరి వేస్తూనే ఉన్నావే. పెళ్ళి చేస్తావా, మానతావా?"

"పందిరి లేకుండా పెళ్ళికొడుకుని తెచ్చావుగా బావా, నీ కారు సిగ్గుతో తల వంచుకుంది చూడు," అంది పైడమ్మ.

నవ్వుతూ అంది గానీ లోపల ఆమెకూ గుబులే. ఆ సాయంత్రమే గౌరి భర్త కొండబాబు పరుగున దిగి వచ్చాడు.

"వదినా, గౌరికి కాళ్ళు వాచిపోయాయి. రేపో మాపో అన్నట్టుంది. ఇంజను ఇంట్లో పెట్టుకుని ఇంకా చక్రాల దగ్గర కూర్చున్నావేమిటి? బిగించెయ్యి, పోదాం."

పైడమ్మ చెయ్యి ఆగింది. ఆ గోనెపట్టా వైపు చూసింది. బిగించడం ఎంతసేపు? ఒక పూట పని. ఎక్కిపోవచ్చు, చెల్లెలి చెయ్యి పట్టుకోవచ్చు. ఒక బ్రేకు ఇంకా పాతదే ఉంది, దాని సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆమెకు తెలుసు. అదే వచ్చిన చిక్కు.

"కొండబాబూ, నీకు ఎక్కడం కావాలా, దిగడం కావాలా?"

"దిగడమే కదా కావలసింది."

"అయితే కూర్చుని ఈ నట్టు గట్టిగా పట్టుకో."

కొండబాబు కూర్చుని నట్టు పట్టుకున్నాడు.

పందెం రోజు వచ్చింది. పైడమ్మ పొద్దున్నే ఇంజను బిగించి, చేతులు తుడుచుకుంది. ఆ ఊరివాళ్ళకు ఒక అలవాటు ఉండేది. బండి ఎంత బలమైనదో తేల్చాలంటే ఎక్కేటప్పుడు చూడటమే. అందరూ కొండ ఎక్కే దారి పక్కన బండల మీద చేరి, జీళ్ళు తింటూ, ఈలలు వేస్తూ కూర్చునేవారు. దిగేటప్పుడు చూద్దామని ఎవరికీ తోచేది కాదు. అప్పటికి ఇళ్ళకు పోయేవారు.

ముందు బంగారయ్య బయలుదేరాడు, పక్కన భార్యను కూర్చోబెట్టుకుని. కారు గర్జించింది. మొదటి మలుపులోనే ముక్కు బరువుకి తిరగనంది. చక్రం తిప్పితే అది తిప్పినవైపు పోకుండా తనకు నచ్చినవైపు పోయింది. బురద కాలువలో దిగి, అక్కడే కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బంగారయ్య భార్య చీర దులుపుకుని, "ఇంటికి పదండి, మాట్లాడుకుందాం," అంది. ఆ మాటకే ఆయన సగం చచ్చాడు.

తర్వాత సింహాద్రి. ఎర్ర కారు బాణంలా దూసుకుపోయింది. ఈలలే ఈలలు. అయితే కొండమీదికి చేరి బ్రేకు తొక్కితే ఆగదే. ఆ కారుకు బ్రేకులు పాతవే కదా. కోళ్ళు చెదిరిపోయాయి, గడ్డివాములోకి సగం దూరి ఆగింది. ఆయన భార్య నెమ్మదిగా దిగి, జుట్టులో గడ్డి తీసుకుంది.

"పద, దిగుదాం," అన్నాడు సింహాద్రి.

"మీరు దిగండి. చదునులోనే ఆగనిది పల్లంలో ఆగుతుందా? నేను నడిచి వస్తాను."

ఇంటి మనిషి లేకుండా నడపకూడదు. ఆ ఎర్ర కారు అక్కడే ఉండిపోయింది. మర్నాటికి అందులో కోడి గుడ్డు పెట్టింది.

ఇక పైడమ్మ వంతు. పక్కన ఎవరు కూర్చుంటారా అని అందరూ చూస్తున్నారు. ఆమె అత్తగారు సన్యాసమ్మ తాంబూలం నములుతూ వచ్చి ఎక్కింది. ఆ అత్తాకోడళ్ళ మాటల యుద్ధం వీధంతటికీ తెలుసు.

"సన్యాసమ్మా, నీ కోడలి కారెక్కుతున్నావు, భయం లేదూ?" అని ఎవరో అరిచారు.

"నన్ను వదిలించుకోవాలనుంటే పాత బ్రేకులే ఉంచేది కదరా," అంది ముసలమ్మ. "పోనియ్యవే."

కారు సింహాద్రి కారంత జోరుగా ఎక్కలేదు. అలాగని రొప్పలేదు, ఆవిరి వదల్లేదు, ఎక్కడా ఆగలేదు. గంపలో గుడ్లు పెట్టుకున్న మనిషిలా నింపాదిగా నడిచింది. జనానికి నచ్చలేదు. జీళ్ళు అయిపోగానే లేచిపోయారు.

పైన గౌరికి అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. మబ్బు కమ్మింది. చెల్లెలిని వెనక సీటులో పడుకోబెట్టి, తలను, ముందే నడిచి పైకి చేరుకున్న కొండబాబు ఒళ్ళో పెట్టారు. కారులో నలుగురు, కాదు, కడుపులోవాళ్ళతో కలిపి ఆరుగురు.

"అక్కా, భయమేస్తోందే," అంది గౌరి.

"నాకూ వేసింది. అందుకే ఇన్ని బ్రేకులు వేశాను. పడుకో."

దిగడం మొదలైంది. మొదటి మలుపులో గులకరాళ్ళు జారాయి. చట్రం వణకలేదు. రెండో మలుపులో మేకలమంద అడ్డం వచ్చింది. పైడమ్మ కాలు మోపింది, కారు ఆగింది. అత్తగారి నోట్లో తాంబూలం కూడా కదల్లేదు. మూడో మలుపులో వాన దంచికొట్టింది, దారంతా నీళ్ళు. చిన్న గేరులో వేసి వదిలితే ఇంజనే కారుని వెనక్కి పట్టి ఉంచింది. పసిపిల్లను ఎత్తుకుని మెట్లు దిగే తల్లిలా అడుగు అడుగూ చూసుకుని దిగింది ఆ చిట్టి కారు. అబ్బ, ఏం కారు అది.

వైద్యుడి గుమ్మం ముందు ఆగింది. దీపాలు పెట్టేవేళకు ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు కెవ్వుమన్నారు. గౌరి క్షేమం.

మహారాజు వానలో తడుస్తూనే వచ్చాడు. "పైడమ్మా, ఇంత పని చేసిన ఆ ఇంజను ఎక్కడ సంపాదించావు?"

"ఇంజనుకేముంది ప్రభూ, పాత ఇనుము కొట్లో దొరుకుతుంది. దాన్ని పెట్టుకునే ఒళ్ళు కారుకి రావడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది."

రాజుగారు అక్కడికక్కడే ఆమెకు రథశాల పెద్దరికం ఇచ్చాడు. ఆ ఏడు నుంచి కొండదారిలో డోలీ కనబడలేదు. బంగారయ్యా సింహాద్రీ కూడా వచ్చి ఆమె దగ్గర పనిలో చేరారు. మెకానిక్కులుగా వాళ్ళూ గట్టివాళ్ళే, ఆ మాట పైడమ్మే పదిమందిలో అంది.

కాబట్టి పిల్లలూ, బలం కోరుకోవడం తప్పు కాదు. అయితే ఆ బలాన్ని మోసే గట్టితనమూ ఆపే పట్టూ ముందుగా సంపాదించుకున్నవారికే అది మేలు చేస్తుంది.