అమ్మ పిలిస్తే ఇంటికెళ్ళే రాక్షసుడు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు తల్లీ, తారీకుతో సహా చెప్తాను విను. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది, జూన్ పదిహేడు, సోమవారం. పొద్దున్న ఫెళ్ళున ఎండ కాసింది. పది దాటేసరికి ఈదురుగాలి. ఆ తర్వాత చినుకులు. సామర్లకోటలో రైలుగేటు అవతల ఒక పిప్పరమెంట్ల ఫ్యాక్టరీ ఉండేది. చెమ్మ తగిలితే పిప్పరమెంట్లకి చెమట పడుతుంది, తెలుసా? ఆ రోజు బిళ్ళలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయిపోయాయి. శకునం అప్పుడే చెప్పింది. ఎవరూ విన్లేదు.

ఆ ఫ్యాక్టరీ మాణిక్యాంబ గారిది. ప్రతి పొట్లంలోనూ బిళ్ళలతో పాటు ఒక బొమ్మ కార్డు పెట్టించేది ఆవిడ. పిల్లలు వాటిని పోగేసుకునేవారు. నా దగ్గర ఇవి రెండున్నాయి, నీ దగ్గర అవి రెండున్నాయా అని మార్చుకునేవారు. అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని ఆడేవారు. కార్డు మీద అంకె ఉంటుంది, అది బలం. ఎవరి బలం ఎక్కువైతే వాళ్ళదే గెలుపు. కానీ కార్డు కింద ఒక మాట కూడా ఉంటుంది. ఆ మాట ముందు అంకె ఎంతైనా దిగదుడుపే. ఆటంతా ఆ మాటలోనే ఉంది.

ఆ బొమ్మలు చెక్కేది వరాలమ్మ. పెడనలో చీరల అద్దకానికి దిమ్మలు చెక్కేవాళ్ళ ఆడపడుచు. టేకు ముక్క ఒళ్ళో పెట్టుకుని, నాలిక కొంచెం బయటపెట్టి, టకటకా చెక్కేది. ఆ దిమ్మలతోనే కార్డులు అచ్చేసేవారు.

ఏమేం చెక్కిందో చెప్పనా? ఒక ఈగ. బలం సున్నా. కానీ ఏ కార్డు మీద వాలితే ఆ కార్డుని ఇక ఎవరూ ముట్టుకోరు, తీసి అవతల పెట్టాల్సిందే. ఒక ఆవలింతల మంత్రి. ఆయన్ని చూసి ఎదుటివాడు ఆవలిస్తే వాడి కార్డు నీది. ఒక అల్లుడుగారు. ఆయన ఏ పనీ చెయ్యడు, కానీ ఆయన్ని ఎవరూ కొట్టకూడదు, పైగా కార్డు కింద మెత్త వేసి కూర్చోబెట్టాలి! ఇంకొకడు పిడకల రాక్షసుడు. బలం తొంభై. కానీ ఆట మధ్యలో ఎవరి అమ్మయినా సరే బిడ్డని పిలిచిందంటే చాలు, ఈ రాక్షసుడు ఇంటికి వెళ్ళిపోవాలి. వెళ్తే ఓడినట్టే.

ఇంకో సంగతి. చదువు రాని పిల్లలు కూడా ఆడాలి కదా! అందుకని వరాలమ్మ కింద రాసిన మాటని బొమ్మలో కూడా చెక్కేది. రాక్షసుడి వెనక ఒక చిన్న తలుపు, తలుపులోంచి గరిటె పట్టుకున్న ఒక చెయ్యి, అటువైపు తిరిగిన రాక్షసుడి చెవి. చూస్తే చాలు, ఆట తెలిసిపోతుంది.

మాణిక్యాంబ గారికి మోకాళ్ళు పట్టేశాయి. అందుకని ఆ సోమవారం, ఆ చినుకుల్లో, ఫ్యాక్టరీ తాళాలు అల్లుడి చేతిలో పెట్టింది. ఆయన పేరు భీమశంకరం. ఇల్లరికం వచ్చాడు. పట్నంలో చదువుకున్నాడు. చదువుకుంటే మంచిదే తల్లీ, చదువుని తప్పు పట్టకూడదు. చదివినవాణ్ణి పట్టచ్చు.

వచ్చీ రాగానే ఈగని చూశాడు. "బలం సున్నా ఉన్న కార్డు ఎవడిక్కావాలి? తీసేయండి" అన్నాడు. తీసి ఊరుకున్నాడా? దిమ్మని పాకం పొయ్యిలో పెట్టించాడు!

ఆ తర్వాత ఆవలింతల మంత్రి. "ఆటలో ఆవలింతలేమిటి, మర్యాద లేకుండా?" అన్నాడు. అదీ పొయ్యిలోకే.

ఆ తర్వాత అల్లుడుగారు. దాన్ని చూడగానే ఆయన మొహం కందగడ్డ అయిపోయింది.

"ఇది నేనే కదూ? నామీదే కదూ వేళాకోళం?"

"ఆయ్, కాదండీ," అంది వరాలమ్మ. "ఇది చెక్కినప్పటికి తమరు ఏ ఊళ్ళో లాగూ తడుపుకుంటున్నారో నాకేం తెలుసండీ?"

ఉన్నమాటే అంది. అయినా అదీ పొయ్యిలోకే పోయింది. లోకంలో ఇన్ని లక్షల మంది అల్లుళ్ళున్నారే, ఆ బొమ్మ తనదేనని ఎందుకనుకోవాలి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు!

వరాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? తన చేతి పని మీద పాకం కాస్తుంటే! ఆ పూట బిళ్ళ నోట్లో వేసుకుంటే చేదనిపించింది ఆవిడకి. మిగతా కార్డుల కింద మాటలన్నీ కూడా తీసేయించాడాయన. ఒట్టి అంకెలు మిగిలాయి. నూరు, అయిదు వందలు, వెయ్యి. వారం వారం అంకె పెరగడమే. పోయిన వారం కార్డు ఈ వారం చెత్త.

ఆ తర్వాత వరాలమ్మని పిలిచాడు. "ఆ రాక్షసుణ్ణి మళ్ళీ చెక్కు. బలం లక్ష. చుట్టూ బంగారు అంచు. కింద మాటా గీటా ఉండకూడదు. ఎక్కడో ఒక పొట్లంలో వేస్తాం. దానికోసం పిల్లలు ఎగబడాలి."

వరాలమ్మ పళ్ళు బిగబట్టి చెక్కింది. మాట చెక్కలేదు. కానీ రాక్షసుడన్నాక వాడికి అమ్మ లేకుండా ఎలా చెక్కుతుంది? ఆ చేతికి అలా రాదు. తలుపూ, గరిటె, చెవీ అన్నీ వచ్చేశాయి. భీమశంకరం చూసి "బాగుంది" అన్నాడు. ఆయన బొమ్మ చూడలేదు తల్లీ, అంకె చూశాడు.

అప్పుడు ఏమైందనుకున్నావు? పిల్లలు కార్డు కోసం పొట్లాలు కొని, బిళ్ళల్ని కాలవలో పారేశారు. మిల్లు వాళ్ళ అబ్బాయికి లక్ష బలం కార్డు దొరికింది. వాడు పేటలో అందరి కార్డులూ గెలిచేశాడు. గెలిచి ఒక్కడే అరుగు మీద కూర్చున్నాడు. ఇక వాడితో ఆడేదెవరు? నవ్వులు వినపడే వీధిలో ఏడుపులు, జుట్లు పట్టుకోవడాలు.

వరాలమ్మ పనిముట్లు మూట కట్టుకుని మాణిక్యాంబ గారి దగ్గరకి వెళ్ళింది. "అమ్మగారూ, నా దిమ్మలు నాకిచ్చేయండి. పెడన పోతాను. పిల్లల్ని ఏడిపించడానికి నా చెయ్యి అరువివ్వను" అంది.

అల్లుడు అక్కడే ఉన్నాడు. "దిమ్మలు ఫ్యాక్టరీవి. వచ్చే వారం అన్నీ పొయ్యిలోకే" అన్నాడు.

మాణిక్యాంబ గారు మోకాళ్ళు రాసుకుంటూ ఆలోచించింది. ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. ఆయుధపూజ నాడు పాకం మూకుళ్ళకీ, అచ్చు మిషనుకీ బొట్టు పెట్టాక, పనివాళ్ళూ పిల్లలూ అందరూ చేరి కార్డులాడతారు. "పూజనాడు మీరిద్దరూ ఆడండి," అంది. "అల్లుడుగారు నెగ్గితే దిమ్మలు పొయ్యిలోకి. వరాలు నెగ్గితే దిమ్మలు వరాలివి. కార్డులు కూడా వరాలు చెప్పినట్టే."

పూజరోజు వచ్చింది. పండక్కి భీమశంకరం వాళ్ళమ్మ సూరమ్మ గారు కూడా పెద్దాపురం నుంచి వచ్చింది. ఆవిడకి కార్డులూ తెలీదు, పందెమూ తెలీదు. కొడుక్కిష్టమని, ఫ్యాక్టరీ పక్కనే ఉన్న ఇంట్లో, వంటింట్లో దప్పళం కాస్తోంది.

ఆట మొదలైంది. మొదటి ఆట భీమశంకరానిది. రెండోది వరాలమ్మది. మూడో ఆటకి ఆయన మీసం దువ్వుకుని లక్ష బలం రాక్షసుణ్ణి వేశాడు. బంగారు అంచు తళతళలాడింది.

వరాలమ్మ చేతిలో ఏముంది? అన్నీ వెయ్యి లోపు బలాలే. పిల్లల వైపు చూసింది. ఒక చిన్నపిల్ల పరికిణీ బొడ్లోంచి నలిగిపోయిన ఈగ కార్డు తీసి ఇచ్చింది. దిమ్మ కాలిపోయింది గానీ ఈగ చావలేదు.

"వెనకటి కార్డు చెల్లదు!" అన్నాడు భీమశంకరం. "మాటలన్నీ తీసేశాం. ఇప్పుడు బలం ఒక్కటే లెక్క. సున్నా పెద్దదా, లక్ష పెద్దదా? చెప్పవమ్మా వరాలమ్మా!"

వరాలమ్మ ఈగ కార్డు పట్టుకుని పొయ్యి వైపు చూసింది. పొయ్యి మండుతూనే ఉంది. దాని పక్కనే దిమ్మల బుట్ట.

అప్పుడు వంటింట్లోంచి ఒక కేక వినిపించింది.

"ఒరేయ్ బుల్లబ్బాయ్! దప్పళం చల్లారిపోతోందిరా! లేచి రా!"

"వస్తున్నానమ్మా!" అని దిగ్గున లేచాడు భీమశంకరం.

లేచి, రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు. గుమ్మంలో సూరమ్మ గారు. ఆవిడ చేతిలో గరిటె.

పిల్లలు ఒకసారి కార్డు చూశారు. తలుపు, గరిటె, చెవి. ఒకసారి ఆయన్ని చూశారు. అంతే! పెంకులెగిరిపోయేలా నవ్వారు. "రాక్షసుడు ఇంటికెళ్ళిపోయాడోచ్!" అని గంతులేశారు. పాకం కలిపేవాళ్ళు తెడ్లు వదిలేసి నవ్వారు.

"కింద మాటేదీ? మాట లేదు కదా!" అని అరిచాడు భీమశంకరం.

"మాట మీరు తీసేశారండీ," అంది వరాలమ్మ. "అమ్మని ఎవరు తియ్యగలరండీ?"

"అంతా చూశాం నాయనా," అంది మాణిక్యాంబ గారు. "దప్పళం చల్లారకముందే వెళ్ళు."

వరాలమ్మ నవ్విందనుకుంటున్నావా? లేదు. దిమ్మల బుట్ట చంకనెత్తుకుంది. కాలిపోయిన మూడింటినీ లెక్కేసుకుంటూ పళ్ళు కొరికింది. గెలిచినంత మాత్రాన కాలినవి తిరిగొస్తాయా?

కొన్నేళ్ళకి మాణిక్యాంబ గారు మంచం పట్టి, అందర్నీ పిలిచి పంపకాలు చెప్పింది. ఫ్యాక్టరీ కూతురికి. రాగి మూకుళ్ళు పాకం కలిపేవాళ్ళకి. అచ్చు మిషను వరాలమ్మకి, దిమ్మలు ఎలాగూ ఆవిడవే. అమ్ముడుపోని బంగారు అంచు రాక్షసులు సూరమ్మ గారికి. ఆవిడ వాటిని కుదురుగా పేర్చి ఆవకాయ జాడీ కింద పెట్టుకుంది. నలిగిన ఈగ కార్డు ఆ పరికిణీ పిల్లకే. వరాలమ్మ దాన్ని చూసి ఈగని మళ్ళీ చెక్కింది. కోపంతో చెక్కింది కదా, కొత్త ఈగకి మీసాలొచ్చాయి.

మరి అల్లుడుగారికో? ఏమీ లేదు. "కానీ ఆయన్ని ఎవరూ ఏమీ అనకూడదు," అంది మాణిక్యాంబ గారు. "కింద మెత్త వేసి కూర్చోబెట్టండి."

కథ కంచి బండెక్కింది,
కునుకు నీ కంటి గడపెక్కింది.
రాక్షసుణ్ణి వాళ్ళమ్మ పిలిచింది,
నిన్ను నీ దుప్పటి పిలిచింది.