యువరాజు ఏమడిగాడు?

పెళ్ళంటే అయిదు రోజులు సాగిన ఆ తీరిక కాలంలో, కొండవెలగ సంస్థానంలో యువరాజు పెళ్ళి జరిగింది. ఊరంతా బూరెల్లో నెయ్యి పోసుకుని తిని, అరుగుల మీద ఒరిగింది. పెళ్ళయిపోయినా ఆ తిండీ మానలేదు, ఆ ఒరగడమూ మానలేదు.

పెరుగుతున్న బొజ్జలు చూసి దివాను భూపతిరాయుడికి ఒళ్ళు మండింది. చాటింపు వేసే సింగన్నను పిలిచాడు.

"తిన్నాక నడవమని టముకు వెయ్యి. పున్నమిలోగా ఊరు కదలకపోతే నీ కొలువు ఊడుతుంది!"

సింగన్న నాలుగు రోజులు గొంతు చించుకున్నాడు. "విన్నాంలే, పక్క వీధికి పో" అని జనం ఆవులించారు.

మర్నాడు సింగన్న టముకు మోగించి, "మన యువరాజు అలకపాన్పు మీద మామగారిని ఏమడిగాడో తెలుసా? ముందు ఏనుగునిస్తామన్నారు, వద్దన్నాడు! తర్వాతేమైందో పక్క వీధిలో చెబుతా" అని ముందుకు నడిచాడు. అరుగులు ఖాళీ అయ్యాయి. వీధికో ముక్క చెబుతూ, రోజూ ఊరంతా తిప్పాడు.

సంగతి తెలిసి దివాను మండిపడుతూ వచ్చాడు. సందుల్లో పల్లకీ పట్టలేదు. దిగి, వగరుస్తూ, ఊరి చివర సింగన్నను అందుకున్నాడు.

"ఒరే, నడవమన్న నా చాటింపు ఏదిరా?"

"అది చాటినన్నాళ్ళూ ఒక్కరూ కదల్లేదు దొరా. మానేశాక ఊరంతా నడుస్తోంది, తమరితో సహా."

జనం గొల్లుమన్నారు. దివాను చెమట తుడుచుకున్నాడు.

"సరే, నీ కొలువు నీదే. ఇంతకీ యువరాజు ఏమడిగాడురా?"

"రేపు కోట వీధిలో చెబుతా దొరా. నడిచి రండి."