లెమ్యూల్ వంతు

మధ్యాహ్నానికి గ్యాలరీ బండి వస్తుంది. ఐడెల్లమ్మ చూసి సరే అంటే గాని బొమ్మ గది దాటదు. బొమ్మ వేసిన శిష్యుడు రూఫస్ ఆ మాట కోసమే చూస్తున్నాడు.

నల్లవాళ్ల పేట హార్లెంలో, ఒక లాండ్రీ పైగదిలో ఆవిడ బొమ్మలు నేర్పేది. పద్ధతి ఒకటే. గ్రామఫోను మీద జాజ్ రికార్డు పెట్టి, విన్నది వెయ్యమనేది. "వాద్యం బొమ్మ వెయ్యకురా. అది మోగితే నీ లోపల ఏమైందో అది వెయ్యి."

రూఫస్ ఆవిడ కొడుకు లెమ్యూల్ బృందం పాటే ఎంచుకున్నాడు. లెమ్యూల్ ట్రంపెట్ ఊదేవాడు. దక్షిణాదిలో కచేరీకి వెళ్లి జబ్బుపడితే, ఒంటి రంగు చూసి ఆసుపత్రి తలుపు తియ్యలేదు. గుమ్మంలోనే పోయాడు.

డ్రమ్ముకి నల్లటి దెబ్బలు, పియానోకి నీలం మెట్లు వేశాడు రూఫస్. పాట నడుమ ఒకచోట అందరూ ఆగి, కాసేపటికి మళ్లీ అందుకుంటారు. ఆ ఖాళీ కాన్వాసు మీద వెలితిగా తోచింది. అక్కడ ధగధగా బంగారు రంగు పులిమాడు. గ్యాలరీ పెద్దమనిషి అది చూసే, "ఆనందమంటే ఇదీ!" అన్నాడు. ఆవిడా మురిసిపోతుందనుకున్నాడు రూఫస్.

"ఈ బంగారం ఏమిట్రా?"

"మీ లెమ్యూలేనమ్మా."

"వాడు వినబడ్డాడా ఇందులో?"

"వినబడ్డట్టే ఉందమ్మా."

"నీవి మంచి చెవులు. ఏడేళ్లుగా వింటున్నాను, నాకు వినబడలేదు."

రికార్డు పెట్టింది. "బల్ల మీద తాళం వెయ్యి. ఆపకు."

వేశాడు. పాట సాగింది. ఉన్నట్టుండి అందరూ ఆగారు. గదిలో అతని వేలి చప్పుడొక్కటే మిగిలింది. సిగ్గేసి ఆవిడ వంక చూశాడు.

"ఆపకన్నానా?"

అప్పుడు వినబడింది. రికార్డు గీరుడు కింద, ఎక్కడో లోపల, కాళ్లు. నలుగురైదుగురు మనుషులు నేల మీద మెల్లగా తాళం వేస్తున్నారు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. వందసార్లు విన్నాడీ పాట, కుంచె పట్టుకుని.

"వాణ్ణి పూడ్చిన నాలుగో రోజున వాయించారు. వాడు ఒక్కడూ ఊదాల్సిన వంతుకి రికార్డు కంపెనీవాళ్లు వేరే కుర్రాణ్ణి పెడతామన్నారట. వీళ్లు ఒప్పుకోలేదు."

అంతే అంది. వెళ్లి కిటికీ దగ్గర కూచుంది.

రూఫస్ గీకుడు కత్తి తీశాడు. ఆ బంగారాన్ని కాన్వాసు నేత కనబడేదాకా గీకాడు.

బండితో వచ్చిన పెద్దమనిషి బొమ్మ చూసి మొహం చిట్లించాడు. "నా బంగారం ఏదయ్యా? ఇక్కడ ఖాళీగా వదిలేశావేం?"

రూఫస్ కత్తికి అంటిన బంగారు రంగు తుడుస్తున్నాడు.

"ఆ చోటు మావాడిదండీ," అంది ఐడెల్లమ్మ, ఇటు తిరక్కుండానే. "రాలేదు."