చివరి నుంచి చదివిన దూడ

1958 మార్చి 27, గురువారం. తెల్లవారుతుండగా మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలాయి, దుమ్ము కూడా అణగలేదు. తొమ్మిదయ్యేసరికి మబ్బు విడిపోయి పడమటి నుంచి వడగాలి మొదలైంది. తేదీ ఎందుకు చెబుతున్నానంటే, కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన మాస్టారు తేదీ లేనిది కథ కాదు, పుకారు అనేవారు. ఆ తేదీలే గుర్తుండక ఆయన పేపర్లో నేను రెండుసార్లు తప్పాను. అది వేరే సంగతి. అంత వేరే కూడా కాదేమో.

ఆ రోజు అడవి అంచున, ఎండిపోయిన సెలయేటి ఒడ్డున, గేదెల మంద తన దూడలకు పరీక్ష పెట్టింది. ఏటా వేసవిలో అక్కడ నీళ్లు ఇంకిపోగానే మంద కొండ దాటి అవతలి మడుగుకు పోతుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడక. దారి ఇరుకు, పక్కన పులి తిరిగే లోయ. దారి తప్పిన దూడ అరిచిందంటే పులి అందరి మీదికీ వస్తుంది. అందుకని ఒక కట్టుబాటు: దారి గుర్తులు వరసగా అప్పజెప్పిన దూడే మందతో రావాలి. చెప్పలేనిది ఎండిన ఏటి దగ్గరే ఉండిపోవాలి. ఉండిపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

పరీక్ష పెట్టేవాడు నక్క శేషావతారం. గేదెల్లో మాటకారులు లేరు, నక్కకు నోరుంది. పైగా జీతం అడగలేదు. జీతం అడగనివాణ్ణి చూసి మందపెద్ద కాటుకమ్మ మురిసిపోయింది కానీ, ఊరికే ఎందుకొచ్చాడని ఆలోచించలేదు.

"చెప్పమ్మా చిన్నీ!" అన్నాడు నక్క.

"చీలిన బండ, ఎలుగు గుహ, ఎర్రమట్టి గట్టు, జంట తాటిచెట్లు, మడుగు!" అంది దూడ, ఊపిరి తీసుకోకుండా.

"శభాష్! బంగారు తల్లి!"

అలా పదకొండు దూడలు గడగడా అప్పజెప్పాయి. పన్నెండోది బుంగ. వాడు నీలాలు కొడుకు. పుట్టినప్పుడు లేచి నిలబడటానికే మిగతావాళ్లకంటే రెండు రోజులు ఎక్కువ పట్టింది. పిలిస్తే కాసేపాగి పలికేవాడు. ఒక మాట మీద ఇంకో మాట పేరిస్తే రెండూ జారిపోయేవి. "దున్నపోతుకి దున్నపోతు బుర్ర కాక ఇంకేం వస్తుందిలే" అని మేనత్తలు నవ్వేవారు, తామూ ఆ జాతివాళ్లమేనని మరిచిపోయి.

వాడికి చదువు చెప్పింది పోలయ్య. పోలయ్య గేదె కాదు, ఎద్దు. పద్దెనిమిదేళ్లు నాగలి లాగి, పని అయిపోయాక కసాయి సంతకు తోలుతుంటే తాడు తెంపుకుని అడవికి వచ్చేశాడు. చిన్నప్పుడు అతనికీ నాగలి పట్టుబడలేదు. సాలు మొదట్లో ఏం చెప్పారో సాలు చివరికి వచ్చేసరికి మరిచిపోయేవాడు. కర్రలు బాగా విరిగాయి వీపు మీద. చివరికి ఒక ముసలి రైతు, సాలు ఆఖరి పది అడుగులు మాత్రం దున్నించి, కాడి దించి, మేత వేసేవాడట. మర్నాడు ఆఖరి ఇరవై అడుగులు. నెల తిరిగేసరికి పోలయ్య చేను మొత్తం దున్నాడు. మా రోజుల్లో బళ్లో ఇలాంటి మాస్టారు ఒక్కరైనా ఉంటే, మా బెంచీలో కూర్చున్న ఆదెయ్య ఎనిమిదో తరగతిలో చదువు మానేవాడు కాదు. సరే, దూడ దగ్గరికి వద్దాం.

నలభై రోజుల కిందట పోలయ్య బుంగను మడుగు దాకా తనతో నడిపించాడు. దారిలో ఏమీ అడగలేదు. తాటిచెట్ల దగ్గర మాత్రం ఆగి, "ఇక్కడినుంచి నువ్వు ముందు" అన్నాడు. బుంగ అటూ ఇటూ చూసి, ముక్కు పైకెత్తి, నీళ్ల వాసన పట్టి నడిచాడు. ఒడ్డుకు రాగానే పోలయ్య "దిగరా నాయనా" అన్నాడు. ఇద్దరూ మెడదాకా నీళ్లలో కూర్చున్నారు. నాలుగుసార్లు అలా అయ్యాక మట్టిగట్టు నుంచి, ఆ తరవాత గుహ నుంచి, ఆ తరవాత బండ నుంచి. ప్రతి పాఠమూ నీళ్లలోనే ముగిసింది. ఇక మిగిలింది ఏటి నుంచి బండ దాకా ఉన్న మొదటి ముక్క ఒక్కటే. మరో ఎనిమిది రోజులుంటే అదీ వచ్చేసేది. ఈలోగా ఏరు ఎండిపోయింది.

"బుంగా, దారిలో మొదటిదేమిటి?" అన్నాడు నక్క.

బుంగ చాలాసేపు ఆలోచించాడు. మొహం వెలిగింది.

"నీళ్లు" అన్నాడు.

మంద మందంతా పగలబడి నవ్వింది. నీలాలు తల దించుకుంది.

"ఇంకోసారి అడగవయ్యా, కాస్త నెమ్మదిగా" అన్నాడు పోలయ్య.

"నెమ్మదిగా అడిగితే జవాబు మారుతుందా? మొదటిది అడిగితే చివరిది చెప్పాడు. తలకిందుల చదువు."

"వాడు నేర్చుకున్న వరసలో మొదటిది అదే. వాణ్ణి బండ దగ్గర నిలబెట్టు, శేషావతారం. మడుగు దాకా నడవకపోతే నన్ను అడుగు."

"నడక ఎవరడిగారు? పరీక్ష అప్పజెప్పడానికి. ఒక్కడి కోసం మారిస్తే రేపు ప్రతివాడూ తన పద్ధతి అంటాడు. అంతేకదండీ కాటుకమ్మగారూ?"

కాటుకమ్మ చెడ్డది కాదు. నాలుక పిడచగట్టుకుపోతోంది, వెనక నలభై ప్రాణాలున్నాయి. "తొందరగా తేల్చండి" అంది.

"వీడికి దారి రాదు, రాబోదు" అని తేల్చాడు నక్క.

"నేను ఉండిపోతాను వదినా" అంది నీలాలు.

"నీ కడుపులో ఇంకొకడున్నాడు. వాడినీ ఇక్కడే చంపుతావా?"

"నా వెనకాలే నడిపిస్తాను..."

"పోయినేడు ఒక దూడ తప్పిపోతే పులికి ఎంతమందిని ఇచ్చామో మరిచిపోయావా? నడువమ్మా, నడువు."

నీలాలు కొడుకు నుదురు నాకింది. "మామా, నీ చేతుల్లో పెడుతున్నా" అంది పోలయ్యతో. మంద కదిలింది. ఆమె రెండుసార్లు వెనక్కి చూసింది. మూడోసారి చూడలేదు. దారి రానివాడి కోసం దారి చూడటం ఎందుకని కాబోలు.

మిగిలింది ముసలి ఎద్దు, దూడ, నక్క.

"నేను కాపలా ఉంటాలే" అన్నాడు నక్క, ముందుకాళ్లు నాక్కుంటూ. అతని జీతం ఏమిటో పోలయ్యకు అప్పుడు అర్థమైంది.

"పడుకోరా" అన్నాడు బుంగ చెవిలో. "నాలుక బయట పెట్టు. కదలకు." తనూ పక్కనే కూలబడి కళ్లు తేలేశాడు. "శేషావతారం, రేపటిదాకా బతకం. మా తోలు నీ ఒక్కడి పళ్లకు లొంగదు. మీవాళ్లను పిలుచుకురా. మమ్మల్ని మాత్రం తొందరగా ముగించండి."

నక్క చుట్టూ తిరిగి చూశాడు. దూడ నాలుక చూశాడు. బంధువులను పిలవడానికి పరుగున పోయాడు.

పోలయ్య వెంటనే లేచాడు. నలభై రోజుల తిరుగుడికి అతని మోకాలు గుమ్మడికాయంత వాచింది. బండ దాకా ఎలాగో ఈడ్చుకొచ్చాడు. ఆపైన కొండ ఎక్కడం అతని వల్ల కాదు.

"ఇక్కడినుంచి నీదే" అన్నాడు.

"నువ్వు రావా తాతా?"

"వెనకాల వస్తా. నువ్వు ముందు కదా!"

బుంగ బండకు కుడివైపు తిరిగాడు. తోక కనబడినంతసేపూ పోలయ్య చూశాడు. తరవాత తిరిగి ఏటి దగ్గరికే వెళ్లాడు. అక్కడ ఎవరూ లేకపోతే నక్క అడుగుజాడలు పట్టి దూడ వెంట పడతాడు.

నక్క పదిమందితో వచ్చాడు. "దూడ ఏది?"

"వాడికి దారి రాదని నువ్వే కదా తేల్చింది? ఎక్కడికి పోతాడు? ఇక్కడే ఎక్కడో ఉంటాడు, వెతుక్కో."

వెతికారు. చీకటిపడేదాకా పొదలన్నీ వెతికారు. ఆ తరవాత పోలయ్య దగ్గరికి వచ్చారు. అది నేను వర్ణించను. తిండి దొరికింది కానీ తిన్నకొద్దీ దాహం పెరిగింది. మర్నాడు శేషావతారం మడుగుకు దారి తనకు నోటికి వచ్చని చెప్పి బంధువులను వెంటబెట్టుకెళ్లాడు. బండ దగ్గర దారి రెండుగా చీలింది. ఏ వైపో అప్పజెప్పించుకున్న పాఠంలో లేదు. పెద్ద గేదెల కాళ్లకు తెలుసు కనుక ఇన్నేళ్లూ ఎవరూ పాఠంలో పెట్టలేదు. నిన్నటి మంద అడుగులు వడగాలికి పూడిపోయాయి, ఆ తరవాత నడిచిన చిన్న గిట్టల గుర్తులు మాత్రం కుడివైపు ఇసుకలో మిగిలాయి.

"బావా, దూడ అటు పోయినట్టుంది" అన్నాడు ఒక నక్క.

"అందుకే ఇటు పోదాం" అన్నాడు శేషావతారం. "వాడి బుర్ర నేను చూశాను. వాడు అటు పోయాడంటే నీళ్లు ఇటున్నట్టు."

ఎడమవైపు లోయ. ఆ నక్కల్లో ఏ ఒక్కటీ మళ్లీ కనబడలేదు. ఎదుటివాడికి ఏమి రాదో తేల్చే ముందు, మనం అడిగింది ఏమిటో చూసుకోవాలి.

బుంగ మాత్రం గురువారం సాయంత్రమే మడుగు చేరాడు. అప్పటికే కాటుకమ్మ దూడలను రెండుసార్లు లెక్కపెట్టింది. గడగడా అప్పజెప్పిన పదకొండులో రెండు లేవు. నడకలో వెనకబడి, బండ దగ్గర ఎడమకు తిరిగాయట. వాటి తల్లులు ఒడ్డున నిలబడి అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్య బుంగ తాటిచెట్ల నుంచి నడిచి వచ్చాడు. ఒక్కరూ నవ్వలేదు.

నీలాలు పరుగున వచ్చి వాణ్ణి నీళ్లలోకి తోయబోయింది. వాడు దిగలేదు. ఒడ్డున నిలబడి వెనక్కి చూస్తున్నాడు.

"దాహం వేయడంలేదా నాన్నా?"

"తాత చెప్పలేదు ఇంకా" అన్నాడు.

మూడు జాముల పాటు అలాగే నిలబడ్డాడు. చివరికి కాటుకమ్మ లేచి వచ్చి, "దిగరా నాయనా" అంది. వాడు ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, అప్పుడు దిగాడు.

రెండు వేసవులయ్యాక కాటుకమ్మ పోయింది. మంద ముందు నడిచే హక్కు ఆమె కూతురు పొగడకు వచ్చింది. మడుగులో కాటుకమ్మ కూర్చునే లోతు చోటు నీలాలుకు దక్కింది. పరీక్ష పెట్టే పదవి ఒక కొంగకు వచ్చింది, దాని మాట నక్క మాటకంటే స్పష్టమట. అవే అయిదు గుర్తులు, అదే వరస. పోలయ్య చదువు చెప్పిన పద్ధతిని ఎవరూ తీసుకోలేదు. బుంగకు ఏమీ రాలేదు.