పనిలేని బత్తెం, పన్నెండు కుంచాలు

"ఓహుం ఓహుం గట్టు దిగాలి
ఓహుం ఓహుం మెట్ట ఎక్కాలి
దొరగారి బరువు దొరకేం ఎరుక..."

ఆ పైన ఏముందో పైడమ్మకు గుర్తు లేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న పల్లకీ మోస్తూ పాడేవాడు. ఇప్పుడు మొగుడు ఎర్రన్న మోస్తున్నాడు, చింతదుర్గం ఏలే భైరవ భూపతిని. ఆ రాజుగారికే పైడమ్మ తమలపాకు చిలకలు చుట్టి అందిస్తుంది.

ఓనాడు రాజుగారి పొట్టకు నడికట్టు చాల్లేదు.

"రేపట్నుంచి నడుస్తాను! పల్లకీ వద్దు!" అన్నాడు.

బోయీల పని పోయింది. అయినా రాజు మనసు వెన్న. పని లేనన్నాళ్లూ ఇంటికి వారానికి రెండు కుంచాల జొన్నలు బత్తెం ఇమ్మన్నాడు.

నెల తిరక్కుండానే రాచమోకాళ్లు మొరాయించాయి. రాజు మళ్లీ పల్లకీ ఎక్కాడు. బత్తెం ఆపమని చెప్పడం మాత్రం ఎవరికీ తోచలేదు. ఇంకో ఆరు వారాలు జొన్నలు వస్తూనే ఉన్నాయి. బోయీలు అడగలేదా అంటారా? రాజుగారి బరువు పెరిగింది కాబట్టి కూలీ పెరిగిందనుకున్నారు, వెర్రినాయనలు!

ఆ తరువాత బొక్కసం పెద్ద సోమలింగానికి మెలకువ వచ్చింది. ఇంటికి పన్నెండు కుంచాలు మూడు రోజుల్లో తిరిగి కట్టాలి, లేదంటే పాడిగేదెను తోలుకుపోతామని చాటింపు వేయించాడు.

పైడమ్మ గేదె ఈని పది రోజులైంది. ఇంట్లో చంటిదానికి ఆ పాలే ఆధారం.

కొలువులో చిలక అందిస్తూ అడిగేసింది.

"ప్రభూ, తిన్నమాట నిజం. కట్టమనడమూ న్యాయమే. కానీ మేం దొంగిలించలేదు కదా, మీవాళ్లే పోశారు. కొంచెం తగ్గించండి."

"తగ్గించడమా!" సోమలింగం ఎగిరిపడ్డాడు. "తినేటప్పుడు కమ్మగా ఉంది, కట్టమంటే కడుపునొప్పా?"

"పోనీ నాలుగు కుంచాలు తగ్గించండయ్యా."

"గింజ తగ్గదు! నేనెలా కొలిచి ఇచ్చానో అలాగే కొలిచి పుచ్చుకుంటాను."

పైడమ్మ చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. తెల్లబోయి చూసింది. ఇంత మంచి మాట ఈయన నోట వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

"అచ్చం అలాగేనా అయ్యా?"

"అచ్చం అలాగే! అదే కుంచం, అదే కొలత!"

"ఆ మాట రాయించి ముద్ర వెయ్యండి ప్రభూ. అయ్యగారికి పనులెక్కువ, మరిచిపోతారు."

రాజు నవ్వి ముద్ర వేశాడు.

మూడోనాడు ఎర్రన్న ఒక బస్తా మోసుకొచ్చి కొలువులో దింపాడు. సోమలింగం దాన్ని కాలితో తట్టి చూశాడు.

"ఏమే పైడీ, ఇందులో ఎనిమిది కుంచాలకు మించి లేవే! గేదెను తోలుకొచ్చావా వెంట?"

"ముందు కొలవండయ్యా."

సోమలింగం కుంచాన్ని గింజలు పొర్లిపోయేలా గోపురంలా నింపాడు. "లాభం!" అని అరిచాడు. కొలిచేవాళ్లెవరూ మొదటి కుంచాన్ని ఒకటి అనరు కదా.

"ఆగండాగండి. చెయ్యేదీ?"

"ఏ చెయ్యి?"

"అదేనయ్యా, మాకు కొలిచేటప్పుడు కుంచం కదలకుండా మోచేతి దాకా లోపల పెట్టి పట్టుకునేవారే, ఆ చెయ్యి."

వెనక బోయీలందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది.

రాజు ముందుకు వంగాడు. "ముద్ర వేశాను సోమలింగం. పెట్టు."

ఏం చేస్తాడు? పోసిన గింజలు బస్తాలో ఒంపి, చొక్కా చెయ్యి పైకి మడిచి కుంచంలో చెయ్యి పెట్టాడు. పైడమ్మ ఆ చేతి చుట్టూ జొన్నలు పోసి, పైన అరచేత్తో చదును చేసింది.

"లాభం. రెండు. మూడు..."

బోయీలు గొంతు కలిపారు. పన్నెండు కుంచాలూ నిండాయి. బస్తా అడుగున ఇంకా దోసెడు జొన్నలు మిగిలాయి. పైడమ్మ వాటిని కొంగున కట్టుకుంది.

"అదేమిటి," అన్నాడు రాజు, "అచ్చం అలాగే కొలిస్తే ఆ దోసెడు ఎలా మిగిలింది?"

పైడమ్మ సోమలింగం చేతిని జాలిగా చూసింది.

"అప్పటికి అయ్యగారి చెయ్యి ఇంత లావు లేదు ప్రభూ. మా జొన్నలు బాగా వంటబట్టాయి."

కొలువంతా గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకు నవ్వుతుంటే, కొత్త నడికట్టు కూడా టప్పున తెగింది.

నవ్వు ఆగాక మిగతా బోయీల దగ్గరా అదే చేత్తో కొలిచి పుచ్చుకోమన్నాడు. మొదటి వారాల బత్తెంలో ఆ చెయ్యి తిన్న తరుగును సోమలింగం సొంత గాదెలోంచి పోయించాడు. పైడమ్మను దగ్గరికి పిలిచాడు.

"రేపట్నుంచి బొక్కసంలో కొలిచేది నువ్వే. నీ చేతికి బంగారు కడియం చేయిస్తున్నాను పైడమ్మా, కుంచంలో పట్టనంత పెద్దది!"